బొమ్మలో పిండి, చేతిలో పిండి

శ్రోతలకు నమస్కారం.

ఒకసారి మూడేళ్ళ పాపకి బొమ్మల పుస్తకం చూపిస్తున్నాను. ఒక పేజీలో ఎలుగుబంటి రొట్టె కోసం పిండి పిసుకుతోంది. "ఎలుగు ఏం చేస్తోంది?" అని అడిగాను. పాప కాసేపు తేరిపార చూసి "పిండి" అంది. "పిండిని ఏం చేస్తోంది?" అన్నాను. "పిండి... ఉంది" అంది.

ఆ జవాబులో తప్పు లేదు. బొమ్మలో పిండి ఉంది, ఎలుగు చేతులు పిండి మీద ఉన్నాయి. పిసకడం ఎక్కడుంది? మనకైతే కనబడుతుంది. మన చేతులకి ఆ పని తెలుసు కనక.

చాలా ఏళ్ళు చిన్నపిల్లల తరగతిలో పనిచేశాను. ఆ పాప జవాబు నన్ను వదల్లేదు. బొమ్మల పుస్తకం వస్తువుల పేర్లు బాగా నేర్పుతుంది. యాపిల్, క్యారెట్, గిన్నె, గరిటె, ఏదైనా వేలు పెట్టి చూపిస్తే చాలు. పనుల పేర్లే చిక్కవు. పని అంటే కదలిక, బొమ్మేమో కదలదు. ఆ లోటు తీరేది వంటింట్లో.

అసలు మన భాషలో వంటింటి మాటలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒలవడం వేరు, తుంచడం వేరు, తరగడం వేరు, కోరడం వేరు. చిదమడం, మెదపడం, నలపడం, పిసకడం, నాలుగూ చేత్తో నొక్కే పనులే. అయినా ఒకదాని బదులు ఇంకొకటి అంటే చెవికి తేడాగా తగులుతుంది. పండిన అరటిపండుని చిదుముతాం. ఉడికిన బంగాళాదుంపని మెదుపుతాం. ఎండిన ఆకుని నలుపుతాం. పిండిని పిసుకుతాం. ఈ తేడాలు పలక మీద రాసి నేర్పేవి కావు. మూడేళ్ళ పిల్లలకి ఒక అరటిపండు, ఒక ఉడికిన దుంప ఇచ్చి కూర్చోబెట్టండి. పావుగంటలో మాటలు వాళ్ళ చేతుల్లోంచి నోట్లోకి వస్తాయి.

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. పిల్లల కోసం అచ్చయిన తొలినాటి బొమ్మల పుస్తకాల్లో బాగా పేరున్నది 'ఆర్బిస్ పిక్టస్'. జాన్ ఆమోస్ కొమీనియస్ అనే విద్యావేత్త 1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో దాన్ని అచ్చు వేయించారు. 150 పాఠాలు. బొమ్మలోని వస్తువుల పక్కన అంకెలు ఉంటాయి, కింద లాటిన్, జర్మన్ వాక్యాల్లో అవే అంకెలు ఉంటాయి. అందులో రొట్టె తయారీకి కూడా ఒక పాఠం ఉంది. ఎంత తెలివైన ఏర్పాటో! కానీ జల్లెడ పక్కన అంకె వేయవచ్చు గాని, జల్లించడం పక్కన ఎక్కడ వేస్తాం?

అందుకని నేను పాటించే వరస ఇది. ముందు పుస్తకం, తర్వాత వంట, ఆ తర్వాత మళ్ళీ అదే పుస్తకం. మొదటి రెండూ చాలామంది చేస్తారు. మూడోది వదిలేస్తారు. అప్పటికి గిన్నెలు కడగాలి, పిల్లల చేతులు కడగాలి, పెద్దవాళ్ళకి ఓపిక అయిపోతుంది. నా మాట విని గిన్నెలు కాసేపు అలాగే వదిలేయండి. పిండి పిసికి వచ్చిన పిల్లవాడు అదే పేజీ తెరిస్తే, పొద్దున చూసిన బొమ్మే ఇప్పుడు అతనికి కదులుతుంది.

చదివేటప్పుడు అడిగే ప్రశ్నల గురించి కూడా ఒక మాట. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. పిల్లలకి చదివి వినిపించడమే కాకుండా, వాళ్ళచేత కథ చెప్పించేలా తల్లిదండ్రులకి తర్ఫీదు ఇచ్చారు. అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించాలి. పిల్లలన్న మాటకి ఇంకో రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పాలి. ఒక నెల ఇలా చదివేసరికి ఆ పిల్లల మాట మామూలుగా చదివి వినిపించిన ఇళ్ళ పిల్లల కన్నా ముందుకెళ్ళింది. ఈ పద్ధతి పుస్తకం కన్నా పిండి ముందు ఇంకా బాగా పనిచేస్తుందని నా అనుభవం. పిల్ల "అంటుకుంది" అంటుంది. మనం "అవును, నీళ్ళు ఎక్కువయ్యాయి, అందుకే పిండి వేళ్ళకి అంటుకుంటోంది. ఇప్పుడేం చేద్దాం?" అంటాం. "పొడి పిండి" అంటుంది. చూశారా, కారణం, ఉపాయం రెండూ వచ్చేశాయి.

తినడం సంగతికొస్తే, ఇంగ్లండ్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే, చదవడం అని అర్థమొచ్చే 'రీడింగ్' అనే మాటలాగే ఉంటుంది లెండి, సరిగ్గా కుదిరింది. ఏడాదిన్నర దాటి రెండేళ్ళకి అటూ ఇటూగా ఉన్న పిల్లలకి, ఒక కూరగాయ గురించిన బొమ్మల పుస్తకాన్ని రెండు వారాలపాటు రోజూ చూపించమన్నారు. తర్వాత ఆ కూరగాయనీ, పుస్తకంలో లేని ఇంకో కూరగాయనీ ముందు పెట్టారు. పుస్తకంలో చూసినదాన్ని రుచి చూడటానికి పిల్లలు ఎక్కువ సుముఖంగా ఉన్నారు. అంతకుముందు ఎరగని కూరగాయల విషయంలో ఈ తేడా బాగా కనిపించింది. ముఖపరిచయం ఉన్న మనిషి ఇంటికొస్తే పిల్లలు తలుపు చాటుకి పోరు కదా, ఇదీ అంతే.

అలాగని 'కూరలు తింటే బలం' అని పేజీ పేజీకీ నొక్కిచెప్పే పుస్తకాలు నాకు నచ్చవు. పిల్లలు పసిగట్టేస్తారు. కథ కథలా ఉండాలి. తిండి అందులో ఏదో పనిమీద వచ్చి ఉండాలి.

మొదట్లో నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. కథలోని జంతువుల ముఖాలు బ్రెడ్ ముక్కల మీద తయారు చేయించేదాన్ని. ద్రాక్ష కళ్ళు, క్యారెట్ ముక్కు. చూడటానికి ముచ్చటగా ఉండేవి. చేసేదంతా నేనే! పిల్లలు చేతులు కట్టుకుని వాళ్ళ వంతు కోసం కూర్చునేవాళ్ళు. ముఖం కుదరకపోతే ఏడుపొకటి. ఇప్పుడు బొమ్మలాంటి వంటకం జోలికి పోను. పుస్తకంలోంచి ఒకే ఒక్క పని తీసుకుంటాను. కథలో కుందేలు బఠాణీలు ఒలిస్తే మేమూ ఒలుస్తాం. అంతే ఆనాటి వంట.

రాతి సూపు కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. యూరప్‌లో రకరకాలుగా చెప్పుకునే జానపద కథ. కొన్నిచోట్ల రాయి, కొన్నిచోట్ల మేకు, రష్యా కథలో గొడ్డలి. ఆకలితో వచ్చిన బాటసారి రాయితో సూపు కాస్తానని చెప్పి, ఊళ్ళోవాళ్ళచేత తలా ఒక కూరగాయ తెప్పిస్తాడు. నలుగురైదుగురు పిల్లలు ఉన్నచోట ఇంతకన్నా మంచి కథ లేదు. తలా ఒక కూర తెచ్చి గిన్నెలో వేస్తారు. నిజం రాయి మాత్రం వేయకండి. పెద్ద బంగాళాదుంపని తొక్కతోనే శుభ్రంగా కడిగి రాయి అనుకోమనండి. ఒకసారి ఒక నాలుగేళ్ళవాడు సూపు తాగుతూ "రాయి ఉడికిందా?" అని అడిగాడు. "నువ్వే చూడు" అన్నాను. చెంచాతో నొక్కాడు. మెత్తగా దిగింది. ఆ రోజంతా బయట కనబడిన రాళ్ళన్నీ నొక్కి చూశాడు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. పచ్చి పిండిలోనూ పచ్చి గుడ్డులోనూ జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు. అందుకని ఉడికేదాకా, కాలేదాకా రుచి చూడనివ్వకండి. ద్రాక్షపళ్ళని నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. అయిదేళ్ళ లోపు పిల్లలకి గింజపప్పులు పొడిచేసే పెట్టాలి, గింజలుగా పెడితే గొంతుకి అడ్డంపడే ప్రమాదం. ఏడాది నిండని బిడ్డకి తేనె అసలు వద్దు. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళదే. రెండేళ్ళవాళ్ళకి కడగడం, తుంచడం చాలు. నాలుగైదేళ్ళు వస్తే మొద్దు చాకుతో అరటిపండు కోయగలరు, కప్పులతో కొలవగలరు.

ఇక మొదట చెప్పిన పాప దగ్గరికి వస్తాను. ఆ మర్నాడు మేం నిజంగానే రొట్టె పిండి కలిపాం. గోరువెచ్చని నీళ్ళలో ఈస్ట్, కాస్త చక్కెర. ఈస్ట్ అంటే పిండిని పొంగించే సూక్ష్మజీవి. నీళ్ళు మరీ వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది, అందుకని ముందు నా మణికట్టు మీద ఒక చుక్క వేసి చూశాను. పాప కూడా తన మణికట్టు చూపించింది. పిసికాం. అంటుకుంది. పొడి పిండి చల్లాం. మళ్ళీ పిసికాం. ముద్దని గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పాం. ఈస్ట్ చక్కెర తిని గాలి వదులుతుందనీ, ఆ గాలికే పిండి పొంగుతుందనీ చెప్పాను. "తింటోందా? చప్పుడు లేదే" అని గిన్నెకి చెవి పెట్టింది. గంట గడిచాక గుడ్డ తీస్తే ముద్ద రెండింతలైంది. పాప వేలితో పొడిచింది. వేలి గుంట పడింది, మెల్లగా పూడింది. మళ్ళీ పొడిచింది. ఎన్నిసార్లు పొడిచిందో లెక్కపెట్టలేదు.

రొట్టె కాలుతుండగా మళ్ళీ పుస్తకం తెరిచాను. అదే ఎలుగు, అదే పిండి. "ఏం చేస్తోంది?" అన్నాను.

"పిసుకుతోంది. అంటుకుంది. పిండి చల్లుకోవాలి" అని ఎలుగుకి చెప్పి, లేచి వెళ్ళి ఆ తడిగుడ్డ పట్టుకొచ్చింది. నేను వద్దనేలోపే పేజీ మీద పరిచేసి, "గంట ఆగాలి" అంది.

పుస్తకం ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ పేజీ కాస్త ఉబ్బింది కూడా.