హెడ్‌లైటు కాసేపు వెలిగి కాసేపు ఆరిపోతోందా? లూజ్ కాంటాక్ట్‌ను ఇంట్లోనే పట్టుకునే పద్ధతి

తెర మీద: బోనెట్ ఎత్తి ఉన్న కారు. ఎడమ హెడ్‌లైటు వెలుగుతోంది. వెనక వైరును కొంచెం కదపగానే ఆరిపోయింది. మళ్లీ కదిపితే వెలిగింది.

నమస్కారం అండీ. చూశారుగా, బల్బు మంచిదే, ఫ్యూజు మంచిదే, అయినా లైటు ఆరిపోతోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పోతుంది, ఇంకో గుంతలో దిగితే వస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం చక్కగా వెలుగుతుంది. అక్కడ కొత్త బల్బు వేసి పంపిస్తారు, వారం తిరక్కుండానే మళ్లీ అదే తంతు. రాత్రిపూట ఒక్క లైటుతో వచ్చే కారును ఎదుటివాళ్లు బైకు అనుకుని పక్కనుంచి దూరిపోబోతారు. ప్రాణాల మీదికి తెచ్చే లోపం ఇది. దయచేసి వాయిదా వెయ్యకండి.

పార్టులు మార్చుకుంటూ పోతే ఇలాంటి లోపం దొరకదు. లైటు ఆన్‌లో పెట్టి, అది ఆరిపోయిన క్షణంలో కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో కొలిచి చూడాలి. వీడియో అంతా దాని గురించే.

మన చిన్న కార్లలో ఎక్కువగా కనిపించే హెచ్4 హాలోజన్ బల్బు మీద చూపిస్తాను. 12 వోల్టులు, 60/55 వాట్లు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే సన్నని తీగలు, ఉంటాయి, బ్రైట్‌కి 60 వాట్లు, డిమ్ముకి 55. వెనక మూడు పిన్నులు: డిమ్ము ఒకటి, బ్రైట్ ఒకటి, రెంటికీ కలిపి ఎర్త్ ఒకటి, అంటే కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి. మీ కారుకి కంపెనీ నుంచే జినాన్ లైట్లు వచ్చి ఉంటే ఈ పని ఇంట్లో చెయ్యొద్దు. జినాన్ వెలిగే క్షణంలో 20,000 వోల్టుల పైన పుడుతుంది. ఎల్‌ఈడీ లైట్లయితే లోపల వేరే సర్క్యూట్ ఉంటుంది కాబట్టి ఈ లెక్కలు వాటికి పనికిరావు.

తెర మీద: బల్ల మీద డిజిటల్ మల్టీమీటరు, 10 నంబరు పానా, గుండుసూదులు, టార్చి.

సామాను ఇంతే. ఇంకో మనిషి తోడుంటే మంచిది. ఒకరు లైటును చూస్తుంటే ఒకరు వైరు కదపొచ్చు. ఇంజను ఆపేసి చేయండి, లేకపోతే రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో తెలియదు. డిమ్ములో రెండు లైట్లూ కలిపి 9 ఆంపియర్ల దాకా లాగుతాయి కాబట్టి గంటల తరబడి వెలిగించి ఉంచకండి, బ్యాటరీ దిగిపోతుంది.

పానా పట్టుకునే ముందు ఒక్క ప్రశ్న. సరిగ్గా ఏది ఆరిపోతోంది?

రెండు లైట్లూ ఒకేసారి పోతుంటే లోపం రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంటుంది. అంటే స్టీరింగ్ పక్క స్విచ్, రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లైటు పెద్ద కరెంటును కలిపే చిన్న డబ్బా), లేదా అక్కడికి వచ్చే మెయిన్ వైరు. ఒక్క వైపే పోతుంటే చాలా కార్లలో వాటి జోలికి వెళ్లక్కర్లేదు, ఎందుకంటే అవి బాగున్నాయని రెండో లైటు చెబుతూనే ఉంది. ఆ వైపు ఫ్యూజు నుంచి ఆ వైపు ఎర్త్ దాకా వెతికితే చాలు. ఒకవైపు డిమ్ము, బ్రైట్ రెండూ కలిసి పోతుంటే ఎక్కువగా ఎర్తే. డిమ్ము ఒక్కటే పోయి బ్రైట్ వెలుగుతుంటే ఎర్త్ బాగున్నట్టే.

ఇంకో గుర్తు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. డిమ్ము వేసినప్పుడు ఆ లైటు సన్నగా మినుకుమంటూ, మీటర్ బోర్డు మీద నీలం రంగు బ్రైట్ గుర్తు కూడా మసగ్గా వెలుగుతోందా? దాదాపుగా ఎర్త్ తెగినట్టే. కరెంటుకి ఎర్త్ దారి దొరక్క, అదే బల్బులోని బ్రైట్ ఫిలమెంట్ గుండా వెనక్కి మళ్లి, అవతలి లైటు బ్రైట్ ఫిలమెంట్ మీదుగా ఎర్త్‌కి చేరుతోందన్నమాట. ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసలో పడ్డాయి కాబట్టి దేనికీ పూర్తి వోల్టేజీ అందదు.

తెర మీద: వేళ్లతో వైర్లను కొద్దికొద్దిగా వంచుతూ హోల్డరు నుంచి ఫ్యూజు బాక్సు వైపు వెళ్తున్న చెయ్యి.

ఇప్పుడు డిమ్ము వేసి, హోల్డరు, అంటే బల్బు వెనక పిన్నులకి తొడిగే కనెక్టర్, దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు వైరును నెమ్మదిగా వంచుతూ వెనక్కి వెళ్లండి. ఒకేసారి మొత్తం కట్టను గుంజితే లైటు ఆరుతుంది గానీ ఎక్కడ ఆరిందో తెలియదు. ఫ్యూజునీ రిలేనీ స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. హారన్ రిలే మీద కూడా అదే నంబరు ఉంటే రెంటినీ అటూ ఇటూ మార్చి చూడొచ్చు.

కదిపినా ఆరకపోతే, మీ లోపం వేడికో తడికో వచ్చేదేమో చూడండి. పావుగంట వెలిగించాక ఆరేదైతే వేడెక్కి వదులయ్యే పిన్ను. వానలోనే ఆరేదైతే స్ప్రే సీసాతో కనెక్టర్ల మీద సన్నగా నీళ్లు చల్లి చూడండి, వేడి బల్బు మీద మాత్రం పడనివ్వొద్దు.

లైటు ఆరిందా? కదపకుండా అలాగే ఉంచండి. ఇప్పుడు మీటరు పని.

తెర మీద: 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టిన మీటరు. హోల్డరు వెనకనుంచి వైరు పక్కగా లోపలికి దూర్చిన గుండుసూది.

హోల్డరు పీకొద్దు, బల్బుకే ఉండనివ్వండి. మీటరు నల్ల ప్రోబ్ (వైరు చివర తాకించే సూది) బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి, ఎర్ర ప్రోబ్‌ను గుండుసూది ద్వారా డిమ్ము వైరుకి తాకించండి. సున్నా వస్తే కరెంటు ఇక్కడిదాకా రాలేదు, ఫ్యూజు వైపు వెనక్కి వెళ్లి కొలవండి. 12 వోల్టులు వస్తే ఈ దారి మంచిదే. ఇప్పుడు ఎర్ర ప్రోబ్‌ను ఎర్త్ వైరుకి మార్చండి. అక్కడ కూడా 12 దగ్గర చూపిస్తే మీ దొంగ దొరికాడు. ఎర్త్ తెగి ఉంది, అందుకే ఫిలమెంట్ దాటిన వోల్టేజీ ఎటూ పోలేక అక్కడే నిలబడింది. ఎర్త్ దగ్గర సున్నా వచ్చి కూడా లైటు వెలగకపోతే బల్బు ఫిలమెంటో, హోల్డరు లోపల పిన్ను పట్టు వదిలిందో అయి ఉంటుంది.

ఒక జాగ్రత్త. కొన్ని జపాన్ డిజైన్ కార్లలో ఉమ్మడి పిన్నుకి ప్లస్ వచ్చి, స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది. బాగున్న వైపు లైటు మీద ముందు కొలిచి, ఏ పిన్నులో ఏముందో రాసుకోండి. అదే మీకు నమూనా.

లైటు పూర్తిగా ఆరకుండా ఒకవైపు మందంగా వెలిగితే కూడా ఇదే కొలత. వెలుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ బల్బు ఎర్త్ పిన్నుకీ మధ్య 0.2 వోల్టుల లోపు ఉండాలి. బ్యాటరీ పాజిటివ్‌కీ బల్బు డిమ్ము పిన్నుకీ మధ్య అర వోల్టు దాకా పర్వాలేదు. అంతకు మించితే ఆ దారిలో ఎక్కడో కరెంటు ఇరుక్కుంటోంది. చిన్న లెక్కలా కనిపించినా హాలోజన్‌కి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, వైరు ఆ కొస ఈ కొస తాకించి, బీప్ రాగానే వైరు మంచిదనేస్తారు. బీప్‌కి మీటరు పంపేది మిల్లీ ఆంపియర్లలో ఉండే కరెంటు. డిమ్ము లాగేది నాలుగున్నర ఆంపియర్లు. బావిలో చేద తాడు ఒక్క పోగు మీద వేలాడుతున్నా ఖాళీ చేదను ఆపుతుంది, నీళ్లు నిండాక తెగుతుంది. పోగులన్నీ తెగి ఒకటి మిగిలిన వైరు కూడా అంతే. అందుకే లైటు వేసి ఉండగానే కొలవమంటున్నాను.

ఇక లోపం ఎక్కడ దొరుకుతుందంటే, నేను చూసినంతలో ఎక్కువసార్లు హోల్డరులోనే.

తెర మీద: గోధుమరంగు తిరిగి, ఒక మూల కరిగిన ప్లాస్టిక్ హోల్డరు.

మామూలు హోల్డరుకి 100/90 వాట్ల బల్బు వేస్తే జరిగేది ఇదే. 90 వాట్లకి 7.5 ఆంపియర్లు. పిన్ను దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 55 వాట్ల బల్బుతో పోలిస్తే అది రెండున్నర రెట్లకు పైనే. ప్లాస్టిక్ మెత్తబడి, పిన్ను పట్టు వదిలి, కార్బన్ పడుతుంది. దీన్ని గీకి మళ్లీ వాడొద్దు. బ్యాటరీ నెగటివ్ తీసేసి సిరామిక్ హోల్డరు వేసుకోండి, బల్బు 60/55కే మార్చండి. బల్బు గాజును వేళ్లతో తాకకండి, జిడ్డు అంటిన చోట వేడెక్కి పాడవుతుంది.

రెండోది ఎర్త్ బోల్టు. బాడీకి బిగించిన ఆ రింగు కింద తుప్పు గానీ పెయింట్ గానీ ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రాగి మీద పచ్చ చిలుము పట్టి, వైరు తొడుగు లోపలికి కూడా పాకుతుంది. బోల్టు విప్పి, ఎమరీ పేపరుతో రింగునీ బాడీనీ మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాక పైన వాజలీన్ పూయండి.

మూడోది అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు పెట్టేవాళ్లకి బాగా తెలుసు, ఎలుకలు. తొడుగు మీద పంటి గాట్లు కనిపిస్తే అక్కడ చుట్టూ ఇంకా వెతకండి, అవి ఒక్క వైరుతో ఆగవు.

తెగిన చోట మెలేసి టేపు చుట్టి వదలకండి. బోనెట్ కింద వేడికి టేపు జిగురు కారిపోతుంది. అదే మందం వైరు వేసి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి. పక్కపక్క వైర్ల అతుకులు ఎదురెదురుగా రాకుండా కాస్త ముందూ వెనకా వెయ్యండి. ఫ్యూజు పోతోందని దాని మీద రాసిన ఆంపియర్ల కంటే పెద్దది మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు, అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

అతికాక ఎర్త్ వైపు 0.2, డిమ్ము వైపు అర వోల్టు అన్న ఆ రెండు కొలతలూ మళ్లీ తీసుకోండి, లైటు వేసి మళ్లీ కదిపి చూడండి. లోపం స్టీరింగ్ స్విచ్ దగ్గర తేలితే, ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ కవరు విప్పకండి. లోపల పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. రాసుకున్న రీడింగులతో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, ఏ వైరు దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో చెప్పండి, ఆయన నేరుగా స్విచ్ దగ్గరే పని మొదలుపెడతాడు.