సాంక్షన్, టేబుల్: ఒకే మాట, రెండు ఆపోజిట్ అర్థాలు

హాయ్ అండీ, స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఎడమ పక్కన కేంబ్రిడ్జ్ డిక్షనరీ, కుడి పక్కన ఎక్సెల్ షీట్. విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే చాలు, ఇలా సగానికి సర్దుకుంటుంది. నేను రోజంతా ఇలాగే పెట్టుకుంటా. మౌస్‌తో లాక్కుంటూ కూర్చోకండి.

ముందు సాంక్షన్. టైప్ చేశా, ఎంటర్. లోన్ సాంక్షన్ అయిందంటే మంజూరైంది, ఇది తెలిసిందే. ఇదిగో, ఇంకో అర్థం: ఆంక్షలు. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మన మీద పెట్టింది ఇవే. బహువచనంలో సాంక్షన్స్ అని ఉండి, పక్కన 'ఆన్' గానీ 'అగెనెస్ట్' గానీ వస్తే దాదాపు ఆంక్షలే అనుకోండి. అయిపోయింది, ఇది ఈజీ.

ఇప్పుడు టేబుల్. బల్ల కాదండీ, వెర్బ్. కిందికి రండి... ఇంకా కిందికి... ఆ, ఇక్కడ. ఈ చిన్న అక్షరాలు చూశారా, యూకే, యూఎస్ అని? జూమ్ చేస్తా. యూకే అని ఉన్నచోట: చర్చకు పెట్టడం. యూఎస్ అని ఉన్నచోట: చర్చని వాయిదా వేయడం. పూర్తిగా ఆపోజిట్!

నేను బోల్తా పడింది ఇక్కడే. అమెరికా టీమ్‌తో కాల్‌లో ఒకాయన 'లెట్స్ టేబుల్ దిస్' అన్నాడు. మన పేపర్లలో బిల్లు టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారనే కదా? సరే, చర్చ ఉంటుందని రాత్రంతా కూర్చుని 14 స్లయిడ్లు చేశా. తీరా మీటింగ్‌లో షేర్ చేయబోతే, 'అది పక్కన పెట్టేశాం కదా' అన్నారు.

నేనొక్కణ్ణే కాదులెండి. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో బ్రిటిష్, అమెరికన్ అధికారులు కూడా ఈ మాట దగ్గరే చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. తీరా చూస్తే ఇద్దరికీ కావాల్సింది ఒకటే.

బల్ల మాత్రం ఒకటేనండీ. కాగితం అందరి ముందుకీ తెచ్చి పెట్టారా, అక్కడే వదిలేసి వెళ్లారా, అంతే తేడా.

షీట్‌లోకి వద్దాం. మాట, అర్థం, ఎక్కడివాళ్లు అన్నారు: మూడు కాలమ్‌లు. మూడోది వదిలేయకండి, టేబుల్‌కి అదే ముఖ్యం. కాల్‌లో అయితే మొహమాటపడకుండా 'ఇప్పుడా, తర్వాతా?' అని అడిగేయండి. నేనిప్పుడు అదే చేస్తున్నా. కంట్రోల్ ఎస్... ఆ, సేవ్ అయింది.