మూసిన తలుపుల లోపలికి వచ్చిన సమాధానం

సంఘ కాపరి గారికి, పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో నా వందనాలు.

చెన్నైలో డిసెంబరు వచ్చిందంటే మనకు క్రిస్మస్‌తో పాటు వాన కూడా గుర్తుకు వస్తుంది. ఇంటి ముందు కాగితపు నక్షత్రం కడుతున్నవాడి చెయ్యి, లోపల టీవీలో వాయుగుండం మాట వినబడగానే ఒక్క క్షణం ఆగిపోతుంది. కల్లోల కాలంలో మనశ్శాంతి గురించి మాట్లాడమని పెద్దలు నన్ను అడిగినప్పుడు, ఆ ఆగిపోయిన చేతి దగ్గరే మొదలుపెట్టాలనిపించింది.

మన తెలుగు బైబిలులో శాంతికి తరచుగా వాడిన మాట ‘సమాధానము’. నేటి వాడుకలో మాత్రం ఆ మాటకు జవాబు అనే అర్థమే స్థిరపడింది. పరీక్షలో ప్రశ్న కింద రాసేది సమాధానం. మన వాడుకలో మరుగున పడిన పాత అర్థం తమిళంలో ఇంకా బతికే ఉంది. ఇద్దరు గొడవపడి మళ్లీ కలిసిపోతే మన తమిళ ఇరుగుపొరుగువారు ‘సమాదానం’ అయిందనే అంటారు. ఈ ఒక్క విషయంలో హైదరాబాదులో పెరిగిన పిల్లవాడికంటే మన చెన్నై తెలుగు పిల్లవాడికే బైబిలు మాట త్వరగా అందుతుందని నా అభిప్రాయం. పిల్లలను విడిచి మన సంగతికి వస్తే, కష్టం వచ్చినప్పుడు మనం దేవుని దగ్గరకు జవాబు అనే అర్థంతోనే వెళ్తాం. ఇది నాకే ఎందుకు జరిగింది, ఎప్పటికి తీరుతుంది అని అడిగి, జవాబు రాకపోతే దేవుడు మౌనంగా ఉన్నాడంటాం. ఆయన ఇస్తానన్నది శాంతి అనే పాత అర్థంలోని సమాధానం.

యోహాను సువార్త 20వ అధ్యాయం చూడండి. యేసును సిలువ వేసిన తరువాత శిష్యులు భయంతో తలుపులు మూసుకొని కూర్చున్నారు. తిరిగి లేచిన యేసు వారి మధ్య నిలిచి “మీకు సమాధానము కలుగునుగాక” అన్నాడు, వెంటనే తన చేతులను, ప్రక్కను చూపించాడు. అంటే ఆ మాట పలికినది గాయాలున్న శరీరం. మనం అంతగా పట్టించుకోని సంగతి ఆ తరువాత ఉంది. ఎనిమిది దినాల తరువాత, ఈసారి తోమా అనే శిష్యుడు కూడా ఉండగా, ఆయన మళ్లీ వచ్చేసరికి తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. సమాధానం అందుకున్నవారే గడియ తీయలేకపోయారు. ఆయన ఆ గడియ గురించి ఒక్క మాట కూడా అనలేదు. మళ్లీ అదే మాటతో పలకరించాడు. ఆ తోమాయే మన ఊరికి వచ్చి, విమానాశ్రయం దగ్గరి పరంగిమలపై హతసాక్షి అయ్యాడని ఇక్కడి క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కొండ మెట్లు ఎక్కేటప్పుడు ఆ మూసిన గది నాకు ప్రతిసారీ జ్ఞాపకం వస్తుంది.

కాబట్టి “విశ్వాసం ఉంటే భయమెందుకు?” అని కష్టంలో ఉన్నవారితో అనడం మానుకుందామని మనవి చేస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో, ఇంట్లో మనిషిని పోగొట్టుకొని కడసారి చూపు కూడా దక్కనివారికి సైతం వాగ్దానపు వచనాలు వాట్సాప్‌లో వరుసగా పంపినవాళ్లం మనం. వచనంలో తప్పు లేదు, పంపిన తొందరలో ఉంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే మరణమంత దుఃఖం తనను ముంచెత్తిందని పైకి చెప్పి, మెలకువగా ఉండమని స్నేహితులను బతిమాలుకున్నాడు కదా.

ఇక నా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. 2015 డిసెంబరు 1న, మేము సైదాపేటలో అడయారు నదికి దగ్గరగా ఒక ఇంటి కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీటితో ఆ రాత్రి నది పొంగింది. మోకాలి లోతు నీళ్లలో అమ్మను పట్టుకొని, మేడ మీది తమిళ కుటుంబం ఇంటికి చేర్చాను. కరెంటు లేదు, ఫోన్లు పని చేయడం లేదు. కింద మా బీరువా నీళ్లలో ఒరిగి గోడకు కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. అమ్మ కాసేపు గోడవైపు తిరిగి పెదవులు కదిపింది. తరువాత ఆ ఇంటావిడ ఇచ్చిన దుప్పటి కప్పుకొని నిద్రపోయింది. నాకు నిజంగా కోపం వచ్చింది. తుఫానులో దోనె అమరాన నిద్రిస్తున్న ప్రభువును లేపి “నీకు చింతలేదా?” అన్న శిష్యుల గొంతు ఎలా ఉండి ఉంటుందో ఆ రాత్రే నాకు తెలిసింది.

తెల్లవారాక, ఎలా నిద్రపట్టిందమ్మా అని అడిగాను. “భయం వేసింది నాయనా. బీరువా సంగతి, నీ ఉద్యోగం సంగతి, నా బీపీ మాత్రలు కిందే ఉండిపోయిన సంగతి, అన్నీ ఆయనకు చెప్పేశాను. చెప్పాక ఇంక నా దగ్గరేముంది?” అంది.

చెరలో ఉండి పౌలు ఫిలిప్పీయులకు రాసినది ఇదే. “దేనినిగూర్చియు చింతపడకుడి” అన్న దగ్గరే మనం వచనాన్ని ఆపేస్తాం, ఆయన ఆపలేదు. మీ విన్నపాలు దేవునికి తెలియజేయండి అన్నాడు. విన్నపమంటే తాలూకా ఆఫీసులో ఇచ్చే అర్జీ లాంటిది. అందులో ఊరు, పేరు, సర్వే నంబరు ఉండాలి. “ప్రభువా, అందరినీ చల్లగా చూడు” అని ముగించే ప్రార్థనలో మాత్రల పేరుకు చోటు లేదు. అలా చెప్పుకున్నవారి హృదయానికి “సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము” కావలి ఉంటుందన్నాడు పౌలు. ఫిలిప్పీ రోమా సైనికులు స్థిరపడిన పట్టణం, అక్కడివారికి కావలి అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. కావలివాడు నిలబడ్డాడంటే బయట ప్రమాదం ఉన్నట్టే. అమ్మ నిద్రపోయినంతసేపూ నీళ్లు తగ్గలేదు.

ఇప్పుడు మనం కలిసి 13వ కీర్తన చదువుదాం. “ఎన్నాళ్లవరకు” అనే ఫిర్యాదుతో మొదలయ్యే ఆరు వచనాల చిన్న కీర్తన అది. నా చేతిలో ఉన్నది ఆ వరదలో తడిసిన అమ్మ బైబిలే. మేడ మీద దండేనికి ఆరవేసి, అతుక్కున్న పుటలను ఒక్కొక్కటిగా విడదీస్తుంటే ఈ పుట అడుగున చిరిగిపోయింది. అయిదో వచనం వరకు నేను చదువుతాను. ఆరోది నా పుస్తకంలో లేదు, దయచేసి మీరు చదవండి.