కటింగ్ ముక్కలు కలపకండి

అందరికీ నమస్కారం. అక్కలూ చెల్లెళ్లూ, ముందు పర్సులోంచి ఒక పది రూపాయల నోటు తీయండి. కాయితం అంటాం గానీ అది చెట్టు కలప గుజ్జు కాదు, పూర్తిగా పత్తి, అందుకే చొక్కా జేబులో మర్చిపోయి ఉతికేసినా ఆరబెట్టుకుంటే మళ్లీ చెల్లుతుంది. అదే పత్తి మన కటింగ్ టేబుల్ కింద పడితే మాత్రం చెత్త. సాయంత్రం అయ్యేసరికి జాకెట్టు ముక్కలు, లైనింగు, కాన్వాసు, లెగ్గిన్ పీలికలు అన్నీ ఊడ్చి ఒకే సంచిలో కుక్కి మున్సిపాలిటీ బండికి ఇచ్చేస్తున్నాం. నాకు బాధ ఆ సంచి దగ్గరే.

తమిళనాడులో బనియన్లు కుట్టే తిరుప్పూర్‌లో నేను చూసింది చెప్తా. బనియన్ ముక్కలు గుట్టలుగా పోసుకుని ఆడవాళ్లు నేల మీద కూర్చుని రంగుకో కుప్ప వేస్తుంటారు, ఎరుపులోనే ముదురు వేరు, లేత వేరు. ఇంత ఓపిక ఎందుకా అనుకున్నా. ఆ ముక్కల్ని చీల్చి మళ్లీ నూలు తీస్తారు, రంగులు కలవకపోతే ఆ నూలుకి మళ్లీ అద్దకం అక్కర్లేదండీ, ముక్కది ఏ రంగో నూలుదీ అదే రంగు. అద్దకం నీళ్లతో నొయ్యల్ నది పాడై 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లని మూయించింది, అలాంటి ఊళ్లో ఆ కుప్పలంటే మాటలు కాదు.

తర్వాత ముళ్ల రోలర్ల మిషన్‌లో వేస్తే ముక్క చీలి చీలి మళ్లీ దూదవుతుంది. చిక్కు ఏంటంటే చీలేటప్పుడు పోగు తెగుతుంది, కొత్త పత్తి పింజ, అంటే పోగు పొడవు, 28, 30 మిల్లీమీటర్లు ఉంటే ఇది బాగా పొట్టిదైపోతుంది, పొట్టి పింజతో సన్న నూలు రాదు కాబట్టి కొత్త పత్తో పాలిస్టరో కలిపి ఓపెన్ ఎండ్ అనే పద్ధతిలో వడికే మిల్లులో లావు నూలు తీస్తారు. దుప్పట్లు, తుడుపు గుడ్డలు, పని గ్లౌజులు దాంతోనే. ముక్కలు కాయితానికీ పనికొస్తాయి, జైపూర్ పక్కన సాంగనేర్‌లో బీటర్లో నీళ్లతో నలిపి గుజ్జు చేసి జాలీ మీద పరిచి ఆరబెడతారు, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది ఆ గట్టిదనం.

స్వీడన్‌లో రీన్యూసెల్ అని ఒక కంపెనీ పాత పత్తి బట్టల్ని గుజ్జు చేసి, ఆ గుజ్జు నుంచి పోగు తీసే విస్కోస్ మిల్లులకి అమ్మడానికి 2022లో పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది. పని బాగానే జరిగింది గానీ సరిపడా ఆర్డర్లు లేక 2024లో దివాలా తీసింది, తర్వాత వేరేవాళ్లు కొన్నారు. వాళ్లకి కూడా పత్తి ఎక్కువున్న బట్టే కావాలి, పాలిస్టర్, లైక్రా కలిసిన కొద్దీ కష్టమే.

అందుకే నేను అడిగేది మూడు గోనె సంచులు. తెల్ల పత్తి ఒకదాంట్లో, రంగు పత్తి ఒకదాంట్లో, మిగతాదంతా మూడోదాంట్లో. ఏది పత్తో అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి పట్టకారుతో పట్టుకుని కాల్చండి. పత్తి అయితే కాయితం కాలిన వాసన, నలిపితే మెత్తటి బూడిద. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి కరిగి చివర నల్లగా గట్టి పూసలా మిగులుతుంది, వేడి మీద ముట్టుకోకండి, అంటుకుపోతుంది.

టేబుల్ మీద ముక్కలు పెట్టాను, తలా ఒకటి తీసుకోండి. ఆ ఫ్యాన్ కాస్త ఆపమ్మా, పళ్లెంలో నీళ్లు ఇటు పెట్టు.