ఐరిష్ పూర్వీకులను వెతికే సభ్యత్వం: ఆరు నెలల తరవాత నా మాట

నమస్కారం. ఈ వంశవృక్షాల సైటు వారు నాకు ఆరు నెలల సభ్యత్వాన్ని ఉచితంగా ఇచ్చారు. డబ్బు ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని అడగలేదు. సైటు పేరు తెర మీద కనిపిస్తూనే ఉంది కనుక దానిని నేను పదే పదే పలకను. అందులో ఎన్ని కోట్ల రికార్డులు ఉన్నాయో, ఏ ప్లానుకు ఎంత ధరో మీరు ఇప్పటికే వేరే వీడియోలలో చూసి ఉంటారు. నేను ఇందులోని ఒకే ఒక్క సదుపాయం గురించి, అది నాకు తెచ్చిన చిరాకు గురించి మాట్లాడదలచుకున్నాను.

మా కోడలి పుట్టిల్లు బోస్టన్ దగ్గర, వారిది ఐరిష్ కుటుంబం. మా వియ్యపురాలు ఒకసారి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, తమ తాతగారి తాత ఐర్లండులో ఏ ఊరివాడో ఇంట్లో ఎవరికీ తెలియదని చెప్పారు. డబ్బాలో అంత్యక్రియల నాడు పంచిన ప్రార్థన చీటీలు కొన్ని, అట్ట ఊడిన ప్రార్థన పుస్తకం ఒకటి ఉన్నాయి. ఆ పుస్తకం మొదటి కాగితం మీద పెన్సిలుతో పిల్లల పుట్టిన తేదీలు, వాటి కింద 'కార్క్' అనే ఒక్క మాట రాసి ఉన్నాయి. ఆ పెద్దాయనను జెరెమయా సలివన్ అనుకుందాం. అసలు పేరు నేను చెప్పను. అమెరికాలోని ఆయన మరణ నమోదులో తల్లిదండ్రులు డేనియల్, మేరీ అని, పుట్టిన చోటు 'ఐర్లండు' అని ఉంది, అంతే. మన ఇంటిపేర్లలో చాలావాటిలో ఊరి పేరు దాగి ఉంటుంది కనుక ఇంటిపేరు తెలిస్తే దారి కొంతైనా దొరుకుతుంది. సలివన్ అనే పేరు పట్టుకుని ఐర్లండులోని కార్క్ కౌంటీలోకి, అంటే మన జిల్లా వంటి దానిలోకి, వెళ్ళడమంటే తిరునాళ్ళలో తప్పిపోయిన మనిషిని 'వెంకటేశ్వర్లూ' అని కేకేసి వెతకడమే.

ఐర్లండు విషయంలో పారిష్ రిజిస్టర్లకు, అంటే మన కథోలికులు విచారణ అని పిలిచే ప్రాంతం వారీగా చర్చి గురువులు రాసిన పుస్తకాలకు, ఇంత విలువ ఎందుకో చెప్పాలి. 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో ఉన్న ప్రభుత్వ రికార్డుల కార్యాలయం అంతర్యుద్ధంలో పేలి తగలబడిపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనగణనల కాగితాలలో చాలా భాగం అందులోనే పోయింది. 1861, 1871 జనగణనల కాగితాలను ప్రభుత్వమే అంతకు ముందే నాశనం చేయించింది, 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జుగా మారిపోయాయి. జననాలన్నింటి ప్రభుత్వ నమోదు 1864లో గానీ మొదలు కాలేదు. 1845లో మొదలైన మహా కరువులో సుమారు పది లక్షల మంది చనిపోగా, అంతకంటే ఎక్కువ మంది దేశం విడిచిపోయారు. ఆ తరంలో ఒక కథోలిక పేదవాడి పుట్టుకకు చాలా సందర్భాలలో మిగిలిన సాక్ష్యం జ్ఞానస్నానపు పద్దు ఒక్కటే.

ఆ పద్దుల ఛాయాచిత్రాలను ఐర్లండు నేషనల్ లైబ్రరీ 2015 జులైలో అందరికీ ఉచితంగా తెరిచింది. ఈ సైటు చేసినదల్లా ఆ పేజీలలోని పేర్లకు సూచిక తయారుచేసి, దాని మీద 'సూచనలు' అనే సదుపాయాన్ని అమర్చడం. మీరు ఒక పేరు చేర్చగానే కుడి పక్కన చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, నొక్కితే 'ఇతను మీ పూర్వీకుడు కావచ్చు' అంటుంది, అంగీకరిస్తే ఆయన తల్లిదండ్రులు, వారి తల్లిదండ్రులు వరసగా వచ్చి చెట్టులో కూర్చుంటారు. మొదటి రాత్రి నేను భోజనానికి లేవకుండా అంగీకరిస్తూ పోయి అరవై ఇద్దరు పూర్వీకులను సంపాదించాను. అందులో మా వియ్యపురాలి తాతగారి తాత కూడా ఉన్నాడు: పశ్చిమ కార్క్‌లోని ఒక పారిష్‌లో 1843లో జ్ఞానస్నానం పొందిన జెరెమయా, తల్లిదండ్రులు డేనియల్, మేరీ. అప్పటికే పదకొండు మంది అపరిచితులు తమ చెట్లలో ఇతనినే పెట్టుకుని ఉన్నారు. అంత మంది పెట్టుకున్నారంటే నిజమే అయి ఉంటుందని నేనూ నమ్మాను.

రెండు వారాల తరవాత అసలు పేజీని తెరిచి చూశాను. లాటిన్‌లో, సిరా వెలిసిపోయి గోధుమరంగుకు తిరిగిన అక్షరాలలో, ఒక్కో బిడ్డకు ఒక్కో వరస ఉంది. ఈ జెరెమయా వరస చివరన టౌన్‌ల్యాండ్ పేరు, అంటే మన శివారు పల్లె వంటి చిన్న భూభాగం పేరు, ఇరికించి రాసి ఉంది. ఆ పేరుతో 1901 జనగణనను వెతికాను. అది కూడా ఉచితమే. మా చెట్టులో బోస్టన్ చేరి, పెళ్ళి చేసుకుని, అక్కడే కన్నుమూసిన పెద్దమనిషి, 1901లో అదే టౌన్‌ల్యాండ్‌లో భార్యతో, కొడుకుతో, కోడలితో సుఖంగా కాపురం చేసుకుంటూ కనిపించాడు.

ఇటువంటి పొరపాటు కంప్యూటర్లతో పుట్టినది కాదని ఒప్పుకోవాలి. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులోని వలసదారుల తనిఖీ కేంద్రమైన ఎల్లిస్ ద్వీపంలో అడుగుపెట్టిన మొదటి వలసదారు, కార్క్ నుంచి వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి, తరవాత టెక్సాస్ వెళ్ళిందని దశాబ్దాల పాటు నమ్మారు. ఆ టెక్సాస్ మహిళ అసలు ఇల్లినాయిలో పుట్టిన మరో ఆనీ మూర్ అనీ, వలస వచ్చిన ఆనీ న్యూయార్క్ విడిచి వెళ్ళనే లేదనీ 2006లో గానీ తేలలేదు. అప్పట్లో తప్పు చేయడానికి కొంత శ్రమ పడవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్క నొక్కు చాలు.

సైటు సూచికలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ ఉంటాయి గానీ, జ్ఞాన తల్లిదండ్రుల, అంటే జ్ఞానస్నానం నాడు బిడ్డకు పెద్దలుగా నిలిచేవారి, పేర్లు ఉండవు. నా ఫిర్యాదు మొత్తం ఇక్కడే ఉంది. ఒకే పారిష్‌లో డేనియల్, మేరీ అనే జంటలు మూడు నాలుగు ఉన్నప్పుడు వారిని వేరుచేసి చూపించేది ఆ పేర్లే, ఎందుకంటే బిడ్డను ఎత్తుకుని నిలబడిన వారు తరచూ తల్లి చెల్లెలో తండ్రి తమ్ముడో అయి ఉంటారు. సూచనలన్నీ ఆపేసి, లైబ్రరీ వారి ఉచిత ఛాయాచిత్రాలను నెలన్నర పాటు పేజీ పేజీ తిరగేశాను. పక్క పారిష్‌లో 1841లో ఒక బిడ్డ దొరికాడు. అక్కడ పేరు జెరెమయా కాదు, డార్బీ. డియర్మిడ్ అనే ఐరిష్ పేరును ఆ ప్రాంతంలో ఇంగ్లీషులో డార్బీ అనీ జెరెమయా అనీ రెండు రకాలుగానూ రాసేవారు. ఆ బిడ్డకు జ్ఞానమాతగా నిలిచిన స్త్రీ పేరు కొంచెం అరుదైనది. 1866లో బోస్టన్‌లో జరిగిన జెరెమయా పెళ్ళికి సాక్షి సంతకం చేసినదీ అదే పేరు గల స్త్రీ. ఇది పూర్తి రుజువు కాదు, కానీ పదకొండు చెట్ల కంటే నాకు ఈ ఒక్క పేరు మీదే గురి ఎక్కువ.

మూడేళ్ళ క్రితం నేను వాడిన పాత సాఫ్ట్‌వేర్‌లో ఏ సూచనలూ ఉండేవి కావు. ప్రతి పేరు పక్కనా 'ఆధారం ఏమిటి' అని ఒక ఖాళీ గడి ఉండి, అది నింపేదాకా ఎర్రగా మెరుస్తూ ఉండేది. ఆ రోజుల్లో దాన్ని తిట్టుకున్నాను.

కనుక నా సలహా ఇది. ముందుగా ఇంట్లోని కాగితాలు, సమాధి రాళ్ళు చూడండి. రాళ్ళ మీద పుట్టిన కౌంటీ పేరు, అదృష్టం ఉంటే పారిష్ పేరు కూడా చెక్కి ఉంటుంది. బోస్టన్ పైలట్ పత్రికలో 1831 నుంచి 1921 వరకు వచ్చిన 'తప్పిపోయిన మిత్రులు' ప్రకటనలను వెతకండి. ఓడ దిగాక అన్న జాడ తెలియని తమ్ముడు, భర్త జాడ తెలియని భార్య, తమ వారి స్వగ్రామాన్ని పారిష్‌తో సహా వాటిలో అచ్చు వేయించారు. పారిష్ తెలిసిన తరవాత, సూచిక కోసం ఒక్క నెల సభ్యత్వం తీసుకుంటే చాలు. ఏడాది ప్లాను నేను తీసుకోను, మిమ్మల్ని తీసుకోమనీ చెప్పను.

ఆ పదకొండు మందికీ 1901 జనగణన పేజీ లంకెతో సైటు ద్వారానే ఉత్తరం రాశాను. ఒక్కరే జవాబిచ్చారు, 'సూచనలో అలాగే ఉంది కదా' అని. ఈ ఉదయం మళ్ళీ చూస్తే ఆ చెట్టును నకలు చేసుకున్న పన్నెండో మనిషి కనిపించారు.