ఫ్యాను ఆపి ఫోన్ చేయండి

(నల్లగొండలో ఒక సేవా క్లబ్బు కొత్త కార్యవర్గం పదవీ స్వీకారం చేసిన రోజున ఇచ్చిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఈ రోజు బాధ్యతలు తీసుకుంటున్న అధ్యక్షుడికి, కార్యదర్శికి, కోశాధికారికి, ఆదివారం వస్తే మమ్మల్ని క్యాంపులకు పంపి ఇంటి పనులన్నీ మీద వేసుకునే అక్కాచెల్లెళ్లకు నమస్కారం. శాలువాలకే గంటన్నర పట్టింది కాబట్టి పేరుపేరునా పిలవడం లేదు. ఎవరూ వేరేగా అనుకోవద్దు.

నాకు అప్పజెప్పిన పని ఏడాది నివేదిక చదవడం. కాగితం చేతిలోనే ఉంది.

మొదటిది చలివేంద్రం. మార్చి చివర్లో గడియార స్తంభం దగ్గర పందిరి వేశాం. తొలకరి పడేదాకా ఒక్క రోజు కూడా కుండలు ఎండనివ్వలేదు. ఇతర జిల్లాల వాళ్లకు ఇది చిన్న పనిగా కనిపించవచ్చు. నల్లగొండ వాడికి మంచినీళ్ల విలువ వేరు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి నడుము వంగిపోయిన మనుషులను మనం చిన్నప్పటి నుంచీ చూశాం. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టారు. ఆఫ్రికాలో కూడా ఆ పేరుతోనే వాడారు. ఇంత బాధపడిన నేల మీద ఒక గ్లాసు మంచినీళ్లు పోయడం చిన్న పని కాదు.

రెండోది రక్తదానం. ఇక్కడ కొత్త కార్యవర్గానికి ఒక్క మాట చెబుతాను. జెండా పండుగ రోజు ఒక్కసారే వంద మందిని పడుకోబెట్టి ఫొటో దిగితే ఏం లాభం? ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలువ ఉండవు. మగవాళ్లు మూడు నెలలకు ఒకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. వంతులు వేసుకుని వారం వారం కొందరిని పంపండి. వానలు మొదలయ్యాయి, రేపో మాపో డెంగ్యూ జ్వరాలు వస్తాయి. అప్పుడు మన ఫోన్లు మోగుతాయి.

మూడోది నోటు పుస్తకాలు, దుప్పట్లు. అవి పంచాం. బాగానే జరిగింది.

నాలుగో పేరాలో 'నేత్రదాన అంగీకార పత్రములు సేకరించబడినవి' అని రాసి ఉంది. చదివి ముందుకు పోదామనే వచ్చాను. కానీ నా వల్ల కావడం లేదు. సేకరించాం, నిజమే. మా షాపు బీరువాలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. కాలేజీలో బల్ల వేస్తాం, పిల్లలు వరసగా సంతకాలు పెడతారు, పేపర్లో ఫొటో వస్తుంది. ఆ సంతకం పెట్టిన మనిషి పోయిన రోజు ఆ కాగితం ఎవరికి గుర్తుంటుంది? ఏడాది మొత్తం మీద మన ద్వారా నిజంగా జరిగిన నేత్రదానాలు రెండు. రెండంటే రెండే.

నేను చాలా ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. వడ్లు కొనే ఐకేపీ కేంద్రాల్లో ధాన్యం తూర్పార పట్టే రోజులు వస్తే నా కౌంటర్ దగ్గరికి ఎర్రబడ్డ కళ్లతో మనుషులు వస్తారు. తాలు ఎగిరి కంట్లో పడిందంటారు. పత్తి ఏరే రోజుల్లో పుల్ల గుచ్చుకుందంటారు. "సారూ, చుక్కల మందియ్యి, పోయినసారి ఇచ్చిందే ఇయ్యి" అని అడుగుతారు. అంతకుముందే ఎవరో ఆకు పసరు పిండి ఉంటారు, లేదంటే చనుబాలు వేసి ఉంటారు. ఆ చిన్న గీత మీద బూజు పట్టి పుండు అవుతుంది. దాని మీద స్టెరాయిడ్ చుక్కలు పడితే ఇంకా లోతుకు పోతుంది. పుండు మానినా మచ్చ మిగులుతుంది. మన ఊళ్లల్లో 'కంట్లో పువ్వు వేసింది' అంటాం. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొర తెల్లగా మసకబారుతుంది. దాన్నే కార్నియా అంటారు. పువ్వు అంతగా ముదిరాక చుక్కల మందు పని చేయదు, కళ్లద్దాలు పని చేయవు. ఇంకో మనిషి కార్నియా వేసి కుట్టాల్సిందే. అది ఏ ఫ్యాక్టరీలోనూ తయారై రాదు. కన్నుమూసిన మనిషి ఇంటి నుంచి రావాలి.

ఇదేమీ కొత్త వైద్యం కాదు. 1905 డిసెంబర్ 7న యూరప్‌లో జిర్మ్ అనే డాక్టర్ ఒక కూలీ మనిషికి ఈ ఆపరేషన్ చేసి చూపు నిలిపాడు. ఆ కూలీ కళ్లు ఎట్లా పోయాయో తెలుసా? సున్నం పడి. మన ఇళ్లలో పిల్లలు సున్నం డబ్బీ నొక్కి కళ్లు పోగొట్టుకుంటారు చూడండి, అట్లాంటిదే. పోయినవాళ్ల కళ్లు తీసుకుని భద్రపరిచే ఐ బ్యాంకు మద్రాసులో పెట్టింది 1945లో. మన హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ గారి పేరుతో కంటి ఆసుపత్రి 1987లో వచ్చింది. 1925లో అమెరికాలో లయన్స్ క్లబ్బుల సమావేశానికి హెలెన్ కెల్లర్ వచ్చి, చీకటి మీద యుద్ధంలో అంధుల తరఫున మీరు నిలబడాలని అడిగింది. పందొమ్మిది నెలల పసితనంలో చూపు, వినికిడి రెండూ పోయిన మనిషి ఆమె. అప్పటి నుంచి మనలాంటి క్లబ్బులన్నీ కంటి పనిని సొంత పనిలా పట్టుకున్నాయి. డాక్టర్లు ఉన్నారు, ఆసుపత్రులు ఉన్నాయి, క్లబ్బులు ఉన్నాయి. మరి ఎక్కడ ఆగిపోతోంది?

మా ఇంట్లో ఎక్కడ ఆగిందో చెబుతాను. ఈ సంగతి క్లబ్బులో ఇద్దరు ముగ్గురికి తప్ప తెలియదు.

మా నాయిన చండూరు దిక్కు మగ్గం నేసినవాడు. డెబ్బై దాటాక కూడా తెగిన పోగును బల్బు వెలుగులో పట్టుకుని, ముడి కనపడకుండా అతికేవాడు. నేను దారం తెగిందని గుర్తించేలోపు ఆయన అతికి ముందుకు పోయేవాడు. మన క్లబ్బు మొదటి నేత్రదాన శిబిరంలో అంగీకార పత్రం మీద సంతకం పెట్టాడు. "చచ్చినంక నాకెందుకు బిడ్డా, మంచిగున్నయి, ఎవలకన్న ఇయ్యి" అన్నాడు.

ఒక రాత్రి పది గంటలకు నాయిన పోయాడు. అప్పటికి నేను నేత్రదాన కమిటీ చైర్మన్‌ను. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా ఫోన్ చేయాల్సిన మనిషిని నేనే. ఐ బ్యాంకు నంబర్ నా జేబులోనే ఉంది. తమ్ముడు ముంబై దగ్గర భివండిలో ఉన్నాడు, బయలుదేరానన్నాడు. ఇంటినిండా ఆడవాళ్లు ఏడుస్తున్నారు. పన్నెండు దాటాక మెల్లగా మా మేనత్త పక్కన కూర్చుని, "అత్తా, నాయిన కండ్లు ఇస్తనన్నడు" అన్నాను. ఆమె నా ముఖం చూసి, "కండ్లు తీస్తే మొకం ఎట్లుంటదిరా?" అంది.

అంతే. ఆ ఒక్క మాటకు నేను లేచి బయటికొచ్చాను. వద్దంటోందని అనుకున్నాను. అరుగు మీద కూర్చుని, తమ్ముడు రానీ, వాడితో మాట్లాడదాం అనుకున్నాను. తమ్ముడు వచ్చేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. కార్నియా ఆరు గంటల్లోపు తీయాలి. ఈ మాట నేను ఎన్ని కాలేజీల్లో మైకు పట్టుకుని చెప్పానో లెక్క లేదు. ఆ రాత్రంతా మా నాయిన తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఆరిపోతున్నాయని నాకు తెలుసు. లేచి స్విచ్చు ఆపలేదు.

పదకొండో రోజు ట్రంకు పెట్టె సర్దుతుంటే నాయిన నేత్రదాన కార్డు దొరికింది. పోకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

ఒక్క నిమిషం ఆగుతాను.

ఇప్పుడు ఇంకో ఇంటి సంగతి వినండి. మన చలివేంద్రంలో రెండు ఎండాకాలాల నుంచి కుండలు నింపుతున్న అమ్మ ఉంది. ఆమె భర్త మిల్లులో హమాలీ. మొన్న ఏప్రిల్‌లో తెల్లవారుజామున గుండె ఆగి పోయాడు. ఐదింటికి నాకు ఫోన్ వచ్చింది. "అన్నా, మీరు ఆడ చెప్తుంటే ఇన్న. మా ఆయన కండ్లు తీసుకుంటరా? జల్ది రమ్మను, ఎండ ఎక్కితే ఖరాబైతయేమో." ఆమెకు ఏ పత్రమూ లేదు, ఏ సంతకమూ లేదు. అవసరం కూడా లేదు. పోయిన మనిషి రాసి ఇవ్వకపోయినా దగ్గరివాళ్లు ఒప్పుకుంటే చాలు. పోయిన మనిషి రాసి ఇచ్చినా, దగ్గరివాళ్లు కాదంటే ఎవరూ ముట్టుకోరు. నేను వెళ్లేసరికి ఫ్యాను ఆపి ఉంది. కళ్లు మూసి రెప్పల మీద తడి దూది పెట్టింది. తల కింద రెండు దిళ్లు పెట్టింది. కుండల మీద గోనె సంచి తడిపే చేతులు కదా, దూది ఆరకుండా గడియగడియకూ తడుపుతూ కూర్చుంది.

టెక్నీషియన్ ఐస్ పెట్టెతో వచ్చాడు. పరీక్షలకు కొంచెం రక్తం తీసుకున్నాడు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. వాళ్ల బిడ్డ గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి భయపడుతోంది. ఈమె వంగి భర్త ముఖం దగ్గరగా చూసింది. చెంప మీద చేయి వేసింది. "రా బిడ్డా, గట్లనే ఉన్నడు" అంది.

గట్లనే ఉన్నడు. మా అత్త అడిగిన మాటకు జవాబు అదే. ఆ రాత్రి నేను చెప్పాల్సిన రెండు మాటలు అవే. నాకు తెలిసి కూడా చెప్పలేదు.

అందుకే కొత్త కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు. ఈసారి ర్యాలీ వద్దు, ఫ్లెక్సీ వద్దు. ఆ డబ్బుతో పగలూ రాత్రీ ఎత్తే ఫోన్ ఒకటి పెట్టండి. వంతులవారీగా ఒకరి దగ్గర ఉండాలి. చావు ఇంటికి పోయి అడగడానికి మనిషి కావాలి. పూల దండ పట్టుకుని పోతున్నాం కదా, ఆ పక్కనే కూర్చుని మెల్లగా ఒక మాట అడగండి. తిడితే పడదాం. నేనే వస్తాను మీతో.

ఇక్కడ కూర్చున్న వాళ్లకు కూడా చెబుతున్నాను. కళ్లద్దాలు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ ఇవ్వొచ్చు. ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్ లాంటి జబ్బులతో పోయినవాళ్లవి తీసుకోరు. ఒక్కరి రెండు కళ్లతో ఇద్దరికి చూపు వస్తుంది. పైసా ఇచ్చేది లేదు, తీసుకునేది లేదు. ఇంటికి పోయి భోజనం దగ్గర ఈ మాట పైకి అనండి. ఇంట్లో ఎవరు వద్దంటారని మీకు అనుమానమో ముందు వాళ్లకే చెప్పండి.

మా మేనత్తకు ఎనభై దాటాయి. ఆ హమాలీ ఇంటి నుంచి వచ్చిన రోజే ఆమె దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేనేమన్న వద్దన్ననారా? ఎట్లుంటదని అడిగిన. చెప్తే అయిపోవు గదా" అంది. నాకు మాట రాలేదు. కార్డు తెప్పించుకుని వేలిముద్ర వేసింది. "నాకాడికి వచ్చేటాలకు ఫ్యాను బందు వెట్టుడు యాది మరువకు" అంది.

ఆ కార్డును వాళ్లింట్లో ఫ్యాను స్విచ్చు పక్కనే గోడకు అంటించాను. ట్రంకు పెట్టెలో ఉంటే దొరకదు. భోజనాల హాలు గుమ్మం దగ్గర బల్ల మీద కార్డులు పెట్టాం, గోందు సీసా కూడా ఉంది. నివేదికలో మిగిలిన రెండు పేజీలు కార్యదర్శి చదువుతారు. నమస్కారం.