డీప్ ఫ్రీజర్‌కు సోడా కుళాయి: చల్లదనం, ప్రెషర్, పైపు పొడవు

అందరికీ నమస్కారం. పైకి మూత తెరుచుకునే డీప్ ఫ్రీజర్‌ను ఇంట్లోనే సోడా కుళాయిగా ఎలా మార్చుకోవాలో ఈ పూట చెప్పుకుందాం. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతి ఇది. వాళ్ళు వాడే 19 లీటర్ల స్టీలు కెగ్గు, అంటే గ్యాసు ప్రెషర్‌ను తట్టుకునే మూత బిగించిన డ్రమ్ము, మాత్రం మొదట పుట్టింది కూల్‌డ్రింకుల సిరప్పు కోసమే. కనుక చిత్తూరు, తిరుపతి ఇళ్ళల్లో నన్నారి సోడాకు అది చక్కగా సరిపోతుంది. తేడా అంతా ప్రెషర్‌లో ఉంది. బీరుకు 12 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చాలు, సోడాకు 30 కావాలి. బీరు కొలతలతో బిగించి సోడా పడితే గ్లాసు నిండా నురగే.

ముందు చల్లదనం సంగతి. మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీళ్ళు 20 డిగ్రీల దగ్గర దాదాపు 0.88 లీటరు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటాయి. 40 డిగ్రీలకు అది 0.53కి పడిపోతుంది, సున్నా దగ్గర 1.7 దాకా పోతుంది. మన మే నెల ఎండలకు వెచ్చని నీళ్ళలో ఎంత గ్యాసు ఎక్కించినా కుళాయి తిప్పగానే లేచిపోతుంది. నీళ్ళు 3, 4 డిగ్రీల్లో ఉండి తీరాలి.

ఫ్రీజరేమో మైనస్ 18 కోసం చేసినది. దాని సొంత థర్మోస్టాట్ 3 డిగ్రీల దగ్గర ఆగదు. అందుకని దాన్ని గరిష్ఠ చల్లదనంలో వదిలేసి, బయట ఎస్‌టీసీ-1000 లాంటి టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి కరెంటును అది ఆపేలా చేస్తాం. 1, 2 టెర్మినళ్ళకు సప్లై, 3, 4కు సెన్సార్, 7, 8 మీదుగా ఫ్రీజర్‌కు వెళ్ళే ఫేజ్ వైరు. ఎర్త్ వైరును ఎక్కడా తెంచవద్దు. కంట్రోలర్ సెట్టింగుల్లో ఎఫ్1 (కావలసిన చల్లదనం) 3 డిగ్రీలు, ఎఫ్2 (ఎంత వేడెక్కాక మళ్ళీ ఆన్ కావాలో) 1.5, ఎఫ్3 (మళ్ళీ ఆన్ అయ్యేముందు ఆగే సమయం) కనీసం 5 నిమిషాలు పెట్టండి. ఆ 5 నిమిషాలు లేకపోతే కంప్రెసర్ ఆగీ ఆగగానే మళ్ళీ లేవబోయి కాలిపోయే ప్రమాదం ఉంది.

సెన్సార్‌ను గాలిలో వేలాడదీయకండి. మూత తెరిచిన ప్రతిసారీ వెచ్చగాలి తగిలి మోటారు ఊరికే తిరుగుతుంది. కెగ్గు ఒంటికి ఆనించి, పైన అంగుళం మందం ఫోమ్ ముక్క వేసి టేపు చుట్టండి. ఆ టేపు ఊడి సెన్సార్ ఫ్రీజర్ బయటికి వచ్చిందంటే మోటారు ఆగదు, రాత్రికి రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీళ్ళు 9 శాతం ఉబ్బుతాయి. కెగ్గు పగిలేది అప్పుడే. వారానికోసారి ఆ టేపును చేత్తో నొక్కి చూసుకోవడం మంచిది.

ఇక కుళాయి ఎక్కడ బిగించాలి? ఫ్రీజర్ గోడకు డ్రిల్లు పెట్టకూడదు. గోడల్లోపలే గ్యాసు గొట్టాలు తిరుగుతుంటాయి. ఒక్క చిల్లు పడితే ఫ్రీజర్ పోయినట్టే, అందులో ఆర్600ఏ అనే మండే కూలింగ్ గ్యాసు ఉంటే నిప్పంటుకునే ప్రమాదం కూడా. గోడకూ మూతకూ మధ్య 8 అంగుళాల ఎత్తున, అంగుళంన్నర మందం చెక్కతో చట్రం చేయించి, మూత కీళ్ళను దానికి మార్చండి. చట్రం లోపలివైపు అంగుళం థర్మోకోల్ అతికించి, కింద రబ్బరు పట్టీ వేయండి. చిల్లులన్నీ చెక్కకే. కెగ్గుకు కావలసిన ఎత్తు కూడా అలాగే వస్తుంది. ఫ్రీజర్ కొనేముందే అట్టను కెగ్గు అడుగంత, అంటే 23 సెంటీమీటర్ల గుండ్రంగా కత్తిరించి లోపల పరిచి చూడండి. ఒక మూల కంప్రెసర్ గట్టు ఉంటుంది, అక్కడ కెగ్గు పట్టదు.

చల్లగాలి అడుగునే ఉండిపోతుంది, కుళాయి దగ్గర వెచ్చగా ఉంటుంది. మొదటి గ్లాసు నురగ రావడానికి కారణం ఇదే. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను ఒకటి అడుగున పైకి ఊదేలా పెడితే తేడా తగ్గుతుంది. ఎలాగూ తేమ పడుతుంది కాబట్టి సిలికా జెల్ సంచులు వేసి, అడుగు తుడుస్తూ ఉండాలి.

పైపు విషయంలో పొదుపు చేయకండి. 5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఫుడ్ గ్రేడ్ పైపు, 30 పీఎస్‌ఐకి 6 నుంచి 8 మీటర్లు కావాలి. పొడవాటి సన్నని పైపులో ప్రెషర్ కొంచెం కొంచెంగా అరిగి, కుళాయి దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. పొట్టి పైపులో 30 పీఎస్‌ఐ ఒక్కసారిగా గ్లాసులో పడి గ్యాసంతా చెదిరిపోతుంది. పొడవాటి పైపును చుట్ట చుట్టి కెగ్గు మీద పెట్టేయండి. కుళాయి, కనెక్టర్లు స్టెయిన్‌లెస్ స్టీలే ఉండాలి. సోడా ఆమ్లం. ఇత్తడి, రాగి తగిలితే రాగి కరిగి నీళ్ళలో దిగుతుంది, తాగితే వాంతులవుతాయి. పైన క్రోమ్ పూత ఉన్న ఇత్తడి కుళాయిని కూడా నమ్మకండి.

కెగ్గులో ఆర్‌వో నీళ్ళు 18 లీటర్లే పోయండి. 20 లీటర్ల బబుల్ క్యాన్ మొత్తం పట్టదు, కెగ్గులోని గ్యాసు గొట్టం మునిగితే నీళ్ళు సిలిండర్ మీది రెగ్యులేటర్‌లోకి (ప్రెషర్ తగ్గించి ఇచ్చే వాల్వ్) ఎగదన్నుతాయి. ఒక రాత్రి చల్లబడ్డాక కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ నుంచి 30 పీఎస్‌ఐ ఇచ్చి, పైనున్న గాలి పోయేలా కెగ్గు మూత మీది రిలీఫ్ వాల్వ్ నాలుగైదుసార్లు లాగండి. ఆ గాలి మిగిలితే సోడా చప్పగా ఉంటుంది. నాలుగైదు రోజులు అదే ప్రెషర్‌లో ఉంచాలి. కెగ్గు నింపి ఖాళీ చేయడానికి పావు కిలోకు పైగా గ్యాసు పడుతుంది. ప్రతి అతుకుకూ సబ్బునీళ్ళు రాసి చూడండి, కంటికి కనబడని లీకు ఒక్క రాత్రిలో సిలిండర్‌ను ఖాళీ చేస్తుంది. సిలిండర్ లోపల ద్రవం ఉన్నంతవరకు దాని మీటరు ముల్లు పెద్దగా కదలదు, మిగిలింది ఎంతో తూకం వేసి తెలుసుకోవాలి.

సిలిండర్ ఫ్రీజర్ బయట, నీడలో, గాలి ఆడే గదిలో, నిలబెట్టి గొలుసుతో కట్టి ఉంచాలి. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమే మిగలదు, ప్రెషర్ చాలా పెరుగుతుంది. ఈ గ్యాసు గాలికంటే బరువు, కెగ్గు దగ్గర లీకైతే ఫ్రీజర్ గోతిలోనే నిలుస్తుంది. మూత తీసి కాసేపు ఆగాకే లోపలికి వంగండి. పిల్లలను తల పెట్టనివ్వకండి.

నన్నారిని కెగ్గులో కలపవద్దని మా గట్టి సలహా. ఆ వాసన పైపుకు పట్టిందంటే ఎంత కడిగినా పోదు, తర్వాత పట్టే ప్రతి గ్లాసుకూ అదే వాసన. చక్కెర నిలిచి కుళాయి కూడా బంకగా మారుతుంది. కెగ్గులో ఉత్త సోడా ఉంచి, గ్లాసులో 30, 40 మిల్లీలీటర్ల నన్నారి పోసి, గ్లాసు వాల్చి అంచు వెంబడి సోడా పట్టండి. ఉప్పు సోడాకైతే ఉప్పును నిమ్మరసంలో పూర్తిగా కరిగించాకే సోడా పోయాలి. కరగని ఉప్పు పలుకు చుట్టూ బుడగలు పుట్టి గ్లాసు పొంగిపోతుంది. సబ్జా గింజలు చివర్లో, గ్లాసు నిండాక వేస్తే చాలు.